ఒకే ప్రశ్నకి మూడు జవాబులు

పోయిన ఏడాది ఒక రోజు మూడు వేర్వేరు క్లాసుల్లో ముగ్గురు నన్ను దాదాపు ఒకే ప్రశ్న అడిగారు. పొద్దున బ్యాచ్‌లో ఒకావిడ, అప్పటికి ఆవిడ ఇంగ్లీష్ మొదలుపెట్టి మూడు నెలలే, "మేడమ్, ఎవరో ఫోన్‌లో 'ఐ హావ్ బీన్ హియర్' అన్నారు, ఇక్కడ ఉన్నాను అనడానికి 'ఐ యామ్ హియర్' చాలు కదా, మధ్యలో ఈ హావ్ బీన్ ఏంటి" అన్నారు. మధ్యాహ్నం ఒక కుర్రాడు, ఇంగ్లీష్‌లో బాగానే నెట్టుకొస్తాడు, "ఐ వెంట్‌కీ ఐ హావ్ గాన్‌కీ తేడా ఎన్నిసార్లు చదివినా చదివేటప్పుడు అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం ఏది ముందు వస్తే అదే అనేస్తున్నా" అన్నాడు. సాయంత్రం ఇంకొకాయన, ఉద్యోగంలో రోజూ రిపోర్టులు రాసే మనిషి, ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు, అందులో ఆయన 'హావ్ కంప్లీటెడ్' అని రాసిన చోట్ల పై ఆఫీసర్ కొన్నిటిని 'కంప్లీటెడ్' అని మార్చారు, కొన్నిటిని అలాగే వదిలేశారు, "ఎందుకు మార్చారో, ఎందుకు వదిలేశారో నాకు తెలియాలి" అని ఆయన పట్టుదల.

ముగ్గురూ అడిగింది హావ్, హాజ్ పెట్టి చెప్పే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనే టెన్స్ గురించే. ముగ్గురికీ నేను చెప్పింది మాత్రం మూడు రకాలుగా ఉంది.

ఆవిడకి రూల్ ఏమీ చెప్పలేదు. "ఐ హావ్ బీన్ హియర్ ఫర్ త్రీ మంత్స్" అన్న వాక్యాన్ని విడగొట్టకుండా మొత్తంగా తీసుకోమన్నా, అర్థం "మూడు నెలల నుంచి ఇక్కడే ఉన్నాను, ఇప్పటిదాకా" అని, అంతే. మూడు నెలల బదులు మీ అంకె పెట్టండి, హియర్ బదులు మీకు కావలసిన చోటు పెట్టండి, మీ గురించి నిజమైన వాక్యాలు ఐదు చెప్పండి అన్నా. చెప్పారు. హావ్ తర్వాత వచ్చే బీన్, గాన్ లాంటి రూపాల్ని పాస్ట్ పార్టిసిపుల్ అంటారు, ఆ మాటే ఆ క్లాసులో ఎత్తలేదు. కుర్రాడికి ఒక గీత గీసి, అయిపోయిన కాలానికీ ఇంకా అయిపోని కాలానికీ మధ్య హద్దు చూపించి, నిన్న అన్నామా ఇక హావ్ రాదు, ఈ వారంలో అన్నామా వారం ఇంకా ఉంది కాబట్టి రావచ్చు, అని చెప్పి పది నిమిషాలు వాడి వారం గురించి వాడిచేతే మాట్లాడించా. రిపోర్టులు రాసే ఆయనకి ఇదంతా తెలుసు, ఆయన దగ్గర వార్తల పేజీ ఒకటి తెరిచి మొదటి వాక్యం చూడమన్నా, రెండో వాక్యం చూడమన్నా. కొత్త సంగతి చెప్తున్నప్పుడు 'హాజ్ అనౌన్స్‌డ్' అని తలుపు తీస్తారు, లోపలికి వెళ్ళాక ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న వివరాలన్నీ హావ్, హాజ్ లేని సింపుల్ పాస్ట్‌లో నడుస్తాయి. ఆయన తన రిపోర్ట్ మళ్ళీ చూసుకుని, మార్చిన ప్రతి చోటా తేదీయో సందర్భమో ఉందని, మార్చని చోట్ల ఇప్పటి పరిస్థితి గురించే చెప్తున్నానని తనే పట్టుకున్నారు.

ఆ సాయంత్రం నాతో పాటు పాఠాలు చెప్పే ఒకావిడతో ఇదంతా చెప్తే ఆవిడ ఒకటే అడిగింది, "పొద్దున ఆవిడకి నువ్వు చెప్పింది పావు వంతు కూడా కాదు కదా, రేపు ఆవిడ ఇంకేదో చోట ఇంకో హావ్ చూసి, మేడమ్ తప్పు చెప్పారు అనుకోదా?" అని. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది, ఎందుకంటే గ్రామర్ చెప్పేవాళ్ళకి రోజూ ఎదురయ్యే అసలు ఇబ్బంది ఇదే, ఏం చెప్పాలి అన్నది కాదు, ఇవాళ్టికి ఎంత దాచుకోవాలి అన్నది.

నేను పాఠాలు మొదలుపెట్టిన కొత్తలో ఏదీ దాచుకునేదాన్ని కాదు. మొదటి వారంలోనే బోర్డు మీద పన్నెండు టెన్సుల పట్టిక, ఒక్కో గడిలో ఒక్కో ఉదాహరణ, పిల్లలైనా పెద్దలైనా అందరూ నోట్సులోకి ఎక్కించుకునేవాళ్ళు. అది చాలా పద్ధతిగా కనిపించేది, నాకూ వాళ్ళకీ ఏదో పెద్ద పని అయిపోయినట్టుండేది. రెండు నెలల తర్వాత అదే పట్టిక చూడకుండా రాయగలిగినవాళ్ళు కూడా "నిన్న ఏం చేశారు" అంటే "ఎస్టర్డే ఐ యామ్ గో" అనేవాళ్ళు. పట్టికలో ఉన్నదానికీ నోట్లోంచి వచ్చేదానికీ మధ్య దారే లేదు. వాళ్ళు కష్టపడలేదని కాదు, కష్టపడ్డారు, నేను ఇచ్చింది వాళ్ళ నోటికి అందే దూరంలో లేదు. ఆ బాధ్యత నాదే.

ఎవరికి ఎంత చెప్పాలన్నది వాళ్ళ లెవెల్‌ని బట్టి ఉంటుంది కాబట్టి, ఆ లెవెల్ అనే మాట దగ్గర కొంచెం ఆగుతా. కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్ళు 2001లో తెచ్చిన సీఈఎఫ్ఆర్ అనే కొలత ఉంది, ఒక మనిషికి భాష ఎంతవరకు వచ్చో చెప్పేది, ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లు, ఇప్పుడు చాలా పుస్తకాలూ పరీక్షలూ దీన్నే వాడుతున్నాయి. అందులో నాకు నచ్చేది ఏంటంటే ఆ మెట్లు "ఈ మనిషికి ఏ రూల్ తెలుసు" అని అడగవు, "ఈ మనిషి ఈ భాషతో ఏం చేయగలడు" అని అడుగుతాయి. తనని తాను పరిచయం చేసుకోగలడా, జరిగింది వరసగా చెప్పగలడా, తనకి నచ్చని అభిప్రాయాన్ని నొప్పించకుండా కాదనగలడా, ఇలా. గ్రామర్ ఆ పనుల కోసం వస్తుంది. ఇంకో సంగతి, ఒకే మనిషి రాయడంలో ఒక మెట్టు మీద, మాట్లాడటంలో ఇంకో మెట్టు మీద ఉండొచ్చు, తెలుగు మీడియంలో చదివి పరీక్షల కోసం గ్రామర్ బట్టీ పట్టినవాళ్ళలో ఇది మరీ ఎక్కువ, వాయిస్ మార్చమంటే చకచకా మార్చేస్తారు, ఫోన్ ఎత్తి రెండు ముక్కలు మాట్లాడమంటే గొంతు పట్టేస్తుంది. అలాంటివాళ్ళకి రాత పరీక్ష పెట్టి వచ్చిన మార్కులు చూసి పై క్లాసులో కూర్చోబెడితే అన్యాయం చేసినట్టే. అందుకే నేను కొత్తగా వచ్చినవాళ్ళతో ముందు పది నిమిషాలు ఊరికే మాట్లాడతా, ఏ తప్పులు వస్తున్నాయి అని కాకుండా ఏ వాక్యాల జోలికే వెళ్ళడం లేదు అని గమనిస్తా. తప్పు రాకపోవడానికి కారణం అసలు ఆ వాక్యం ప్రయత్నించకపోవడమే కావచ్చు.

మొదటి మెట్టు మీద ఉన్నవాళ్ళకి తెలుగు నుంచి వచ్చే చిక్కు ఒకటి చెప్తా. "నేను టీచర్ని", "ఆమె మంచిది" అన్న వాక్యాల్లో మనకి క్రియే లేదు. అందుకని మొదట్లో "షి గుడ్", "ఐ టీచర్" అని వస్తుంది. మనం "యామ్ పెట్టాలి, ఈజ్ పెట్టాలి" అని గట్టిగా చెప్పేసరికి ఇప్పుడు ప్రతి 'ఐ' పక్కనా 'యామ్' వచ్చి కూర్చుంటుంది, "ఐ యామ్ గో", "ఐ యామ్ వెంట్", "ఐ యామ్ లైక్". ఇది వాళ్ళ తెలివితక్కువ కాదు, మనం చెప్పినదాన్ని మనం చెప్పినదానికన్నా నమ్మకంగా పాటించడం. ఇక్కడ బీ వెర్బ్, హెల్పింగ్ వెర్బ్, మెయిన్ వెర్బ్ అని లెక్చర్ ఇస్తే ఇంకా ముడిపడుతుంది. నేను చేసేది రెండు గంపలు పెట్టడం. "ఉండటం" గురించిన వాక్యాలు ఒక గంప, "చేయడం" గురించిన వాక్యాలు ఇంకో గంప. ఐ యామ్ టైర్డ్, ఐ యామ్ అట్ హోమ్, ఇవి ఉండటం. ఐ వర్క్, ఐ లైక్, ఐ గో, ఇవి చేయడం. కొన్ని వారాలు ఈ రెండిటినీ కలపకుండా నడిపిస్తే చాలు, 'ఐ యామ్ గోయింగ్' తర్వాత వస్తుంది, వచ్చినప్పుడు అది రెండు గంపల్నీ కలిపే కొత్త వాక్యంగా వస్తుంది.

'షి వర్క్స్' చివర ఉండే ఆ చిన్న 'ఎస్' గురించి కూడా చెప్పాలి, దీని మీద టీచర్లు పెట్టే బలం చూస్తే బాధేస్తుంది. రోజర్ బ్రౌన్ అనే ఆయన ఇంగ్లీష్ సొంత భాషగా పెరుగుతున్న ముగ్గురు పిల్లల మాటల్ని ఏళ్ళ తరబడి గమనించి 1973లో ప్రచురించారు, అందులో క్రియకి 'ఇంగ్' చేర్చడం ముందు వచ్చేసింది, ఈ థర్డ్ పర్సన్ 'ఎస్' మాత్రం బాగా వెనకాల వచ్చింది. రెండో భాషగా నేర్చుకునేవాళ్ళలో కూడా ఇది ఆలస్యమే అని తర్వాత పరిశోధనలు చెప్పాయి. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టే రూల్, నోటికి రావడానికి ఏళ్ళు పట్టొచ్చు. తమాషా ఏంటంటే మన భాషలో నేను వస్తాను, నువ్వు వస్తావు, ఆమె వస్తుంది, వాళ్ళు వస్తారు, మనిషి మారినప్పుడల్లా క్రియ తోక మారుతూనే ఉంటుంది, మనం ఎవ్వరం తడబడం. అయినా ఇంగ్లీష్‌లో ఉన్న ఒక్క తోక దొరకదు, ఎందుకంటే 'షి' అని ముందే అనేశాక ఆ 'ఎస్' కొత్తగా ఏ అర్థాన్నీ మోయడం లేదు, మాట్లాడే తొందరలో బరువు లేనిదాన్ని నోరు వదిలేస్తుంది. కాబట్టి నేను దాన్ని మొదట్లోనే చెప్తా, రాతలో సరిచేస్తా, మాటల్లో మాత్రం ఆ మెట్టు మీద వాళ్ళని ఆపను. వాళ్ళు కష్టపడి ఒక సంగతి చెప్తుంటే మధ్యలో ఎస్, ఎస్ అని అడ్డం పడితే వాళ్ళకి పోయేది ఎస్ కాదు, ధైర్యం.

ఇంకో పరిశోధన నాకు చాలా ఊరటనిచ్చింది. మాన్‌ఫ్రెడ్ పీన్మన్ అనే ఆయన 1984లో జర్మన్ నేర్చుకుంటున్న ఇటాలియన్ పిల్లలకి ఒక వాక్య నిర్మాణాన్ని పాఠంగా చెప్పించి చూశారు. దానికి ముందు మెట్టు దాకా వచ్చేసిన పిల్లలకి ఆ పాఠం పట్టింది, ఇంకా కింద ఉన్నవాళ్ళకి పాఠం విన్నా రాలేదు. అంటే పాఠం ఎంత బాగా చెప్పినా మెట్టు దాటించలేదు, మెట్టు దగ్గరికి వచ్చినవాళ్ళని మాత్రం పైకి లాగగలదు. నా పన్నెండు టెన్సుల పట్టిక ఎందుకు పనిచేయలేదో అది చదివినప్పుడు అర్థమైంది.

ఇక మధ్య మెట్టు. నాకు అన్నిటికంటే ఇష్టమైన క్లాసులు ఇవే, అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసినవీ ఇవే. వీళ్ళు అనుకున్నది ఎలాగోలా చెప్పేస్తారు, అవతలివాళ్ళకి అర్థమైపోతుంది, ఇక మారాల్సిన అవసరం వాళ్ళకి కనపడదు. పైగా కొన్నిసార్లు వెనక్కి వెళ్తున్నట్టు కనిపిస్తారు. మొదట్లో 'వెంట్' అని సరిగ్గా అన్న మనిషి, పాస్ట్‌కి 'ఈడీ' చేర్చాలి అన్నది బాగా ఒంటబట్టాక కొన్నాళ్ళు 'గో' కి కూడా 'ఈడీ' తగిలించి 'గోడ్' అంటారు. అప్పుడు టీచర్ కంగారు పడకూడదు. మొదటి 'వెంట్' విని పలికినది, ఈ 'గోడ్' ఆలోచించి కట్టినది, ఆ తర్వాత వచ్చే 'వెంట్' రెండూ తెలిసి వచ్చేది. ఆ 'గోడ్' విన్నప్పుడు నాకు సంతోషమే వేస్తుంది, లోపల ఒక యంత్రం తిరగడం మొదలైందని.

ఈ మెట్టు మీద తెలుగుని పక్కన పెట్టుకుని చెప్పడం నాకు బాగా పనిచేసింది. చాలామంది ఇంగ్లీష్ క్లాసులో తెలుగు రాకూడదు అంటారు, నేను ఒప్పుకోను, వాళ్ళ తప్పు ఎక్కడ పుట్టిందో తెలుగులోనే కనపడుతుంది. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" తీసుకోండి, రెండు తప్పులు, రెండూ ఒకే తెలుగు వాక్యం నుంచి వచ్చాయి, "రెండేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను". మనం "2019 నుంచి" అన్నా "రెండేళ్ళ నుంచి" అన్నా నుంచి ఒకటే. ఇంగ్లీష్ దాన్ని రెండుగా చీల్చింది, మొదలైన క్షణానికి సిన్స్, గడిచిన కొలతకి ఫర్. ఇక "చేస్తున్నాను" అన్నది మనకి ఇప్పటి పనే, ఇంగ్లీష్‌కి అది వెనక నుంచి సాగుతూ ఇప్పటిదాకా వచ్చిన పని, అందుకే 'హావ్ బీన్ వర్కింగ్'. ఇలా చూపిస్తే "ఓహో, నేను మొద్దుని కాదన్నమాట, మా భాష అలా ఉందన్నమాట" అన్న భావం మొహంలో కనిపిస్తుంది, ఆ తర్వాత వాళ్ళే 'నుంచి' వచ్చినప్పుడల్లా ఆగి చూసుకుంటారు.

రిపోర్టెడ్ స్పీచ్, అంటే ఒకరన్న మాటని మనం ఇంకొకరికి చెప్పడం, ఇంకా మంచి ఉదాహరణ. "రేపు వస్తానని చెప్పాడు" అన్న వాక్యంలో 'వస్తాను' ఎవరి మాట? అతని మాట, అతను అన్నది అన్నట్టుగానే లోపల కూర్చుంది, 'అని' అనే ఒక్క ముక్క దాన్ని పట్టుకుంది. మనకి కొటేషన్ గుర్తు పనంతా ఆ 'అని' చేసేస్తుంది. అందుకే మనవాళ్ళు "హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్" అంటారు, వినేవాడికి వచ్చేది ఎవరో తెలియక తికమక. పుస్తకాల్లో విల్ వుడ్ అవుతుంది, టుమారో నెక్స్ట్ డే అవుతుంది అని మార్పుల జాబితా ఇస్తారు, నేను జాబితా కంటే ముందు ఒక్క మాట చెప్తా, ఇంగ్లీష్‌లో చెప్పేది నువ్వు, కాబట్టి నువ్వు నిలబడ్డ చోటు నుంచి చూసి చెప్పు. అతను నీకు 'హి', అతను రావడం నీకు నిన్న విన్న సంగతి. ఈ ఒక్కటి పడితే జాబితాలో సగం అక్కర్లేదు.

"వాడెక్కడున్నాడో తెలీదు" కూడా అంతే. మనకి చివర 'ఓ' చేరిస్తే ప్రశ్న కాస్తా మామూలు వాక్యంలోకి ఒదిగిపోతుంది. ఇంగ్లీష్‌లో ఆ పని మాటల వరస చేస్తుంది, 'వేర్ ఈజ్ హి' ప్రశ్న, 'వేర్ హి ఈజ్' ఒదిగిన ప్రశ్న. కష్టపడి వేర్ ఈజ్ హి నేర్చుకున్నవాళ్ళకి ఇప్పుడు మళ్ళీ తిరగేయమంటే చిరాకు వస్తుంది, రావడం న్యాయమే, అందుకే దీన్ని ప్రశ్నలు పూర్తిగా నిలదొక్కుకున్నాకే తెస్తా. 'కదా' కూడా ఉంది, అది అన్నిటికీ ఒకటే సరిపోతుంది కాబట్టి 'ఈజింట్ ఇట్' కూడా అన్నిటికీ అతికిస్తారు. దాని మీద నేను ఎక్కువ సమయం పెట్టను, 'రైట్?' అంటే గడిచిపోతుంది.

తెలుగు ఎప్పుడూ అడ్డమే పడుతుంది అనుకోకండి, సాయం చేసే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని చాలామంది వాడుకోరు. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" ఎందుకు తప్పు అంటే, "వర్షం పడితే" అన్న మాటలో భవిష్యత్తు ఎక్కడుంది చూడండి అంటా. లేదు. మన 'తే' కి కాలమే లేదు, ఇంగ్లీష్ 'ఇఫ్' కూడా అక్కడ విల్ అడగదు. ఇక అందరినీ భయపెట్టే థర్డ్ కండిషనల్, అంటే జరగనిదాన్ని జరిగుంటే అని ఊహించి చెప్పే వాక్యం, "ఇఫ్ యు హాడ్ కమ్, ఐ వుడ్ హావ్ టోల్డ్ యు", దీన్ని బోర్డు మీద సూత్రంగా రాస్తే ఒక్కరూ తల ఎత్తరు. "నువ్వు వచ్చుంటే చెప్పేదాన్ని" అనండి, రాలేదు, చెప్పలేదు, రెండూ అందులోనే ఉన్నాయి, 'వచ్చుంటే' పక్కన 'హాడ్ కమ్', 'చెప్పేదాన్ని' పక్కన 'వుడ్ హావ్ టోల్డ్' పెట్టండి. అర్థం వాళ్ళకి పుట్టినప్పటి నుంచీ తెలుసు, కొత్త చొక్కా తొడగడమే మిగిలింది.

పై మెట్టు వాళ్ళ దగ్గర గ్రామర్ తప్పొప్పుల నుంచి ఎంపిక వైపు జరుగుతుంది. పాసివ్ వాయిస్ తీసుకోండి. రామా కిల్డ్ రావణా, రావణా వాజ్ కిల్డ్ బై రామా, ఇలా వందసార్లు మార్చినవాళ్ళకి ఎందుకు మార్చాలో ఒక్కసారీ ఎవరూ చెప్పరు. తెలుగులో "ఈ ఇల్లు మా తాతయ్య కట్టించాడు" అంటాం, ఇంటి గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇల్లు ముందుకొచ్చింది, మన వాక్యం ఒప్పుకుంటుంది, ఎవరు ఎవరిని అన్నది విభక్తులూ క్రియా చూసుకుంటాయి. ఇంగ్లీష్‌లో ముందున్నవాడే చేసినవాడు, వరస మారిస్తే అర్థం మారిపోతుంది. మరి ఇంటిని ముందుకు తేవాలంటే? దానికోసమే పాసివ్. ఈ సంగతి ఏళ్ళ తరబడి ఇంగ్లీష్ రాస్తున్నవాళ్ళకి చెప్పినప్పుడు కూడా కొత్తగానే ఉంటుంది, ఆ తర్వాత వాళ్ళ పేరాగ్రాఫులు మారతాయి, ఒక వాక్యం తోక ఇంకో వాక్యం తలకి కలుస్తుంది.

మర్యాద గురించి కూడా ఈ మెట్టు మీదే మాట్లాడతాం. మనకి మీరు ఉంది, గారు ఉంది, అండీ ఉంది. ఇంగ్లీష్‌లో ఒక్క 'యు' తో ఎలా అని అడుగుతారు. అక్కడ ఆ పని టెన్స్ చేస్తుంది. 'ఐ వాంట్ టు ఆస్క్' కంటే 'ఐ వాంటెడ్ టు ఆస్క్' మెత్తన, 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్' ఇంకా మెత్తన. అడుగుతున్నది ఇప్పుడే అయినా మాటని ఒక అడుగు వెనక్కి పెడతారు, ఆ దూరమే మర్యాద. మనమూ చేస్తాం కదా, "మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్నానండీ" అంటాం, అనుకోవడం అయిపోయిందా, లేదు, ఇప్పుడే అడుగుతున్నాం.

ఎ, ది లు మాత్రం ఏ ఒక్క మెట్టుకీ చెందవు, అన్ని మెట్ల మీదా మళ్ళీ మళ్ళీ వస్తాయి. కింద ఉన్నవాళ్ళకి "మొదటిసారి చెప్తే ఎ, మళ్ళీ చెప్తే ది", మన కథల్లో "ఒక రాజు ఉన్నాడు, ఆ రాజుకి" అన్నట్టే. మధ్యలో ఉన్నవాళ్ళకి "వినేవాడికి ఏదో తెలుసా తెలియదా" అన్న ప్రశ్న. పైన ఉన్నవాళ్ళకి, "ఐ బాట్ ఎ బుక్, ది కవర్ ఈజ్ టోర్న్" లాంటివి, కవర్ గురించి ముందు చెప్పనే లేదు, అయినా ది, ఎందుకంటే పుస్తకం అనగానే దాని అట్ట కూడా వెంట వచ్చేసింది. చూడండి, మూడూ ఒకే రూల్, పెరుగుతూ వచ్చింది.

నాతో పాటు చెప్పే ఆవిడ అడిగినదానికి నా జవాబు ఇక్కడే దొరికింది. చిన్న రూల్ చెప్పడం అబద్ధం కాదు, అది తర్వాత పెరగగలిగేదైతే. కొట్టేయాల్సి వచ్చేదైతే అది చెప్పకూడదు. "సమ్ పాజిటివ్ వాక్యాల్లో, ఎనీ ప్రశ్నల్లో" అని ఖాయంగా చెప్తే 'వుడ్ యు లైక్ సమ్ వాటర్' దగ్గర కొట్టేయాలి. "థింక్‌కి ఇంగ్ ఎప్పటికీ రాదు" అంటే 'ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్' విన్న రోజున కొట్టేయాలి. "హావ్ బీన్ అంటే ఇప్పటిదాకా" అన్నది మాత్రం కొట్టేయక్కర్లేదు, దాని పక్కన ఇంకోటి పెడతాం. అప్పటి నుంచి కింద క్లాసుల్లో నేను ఎప్పుడూ, ఎప్పటికీ, అన్నిటికీ అన్న మాటలు వాడటం మానేశా, "ఇప్పటికి ఇది పట్టుకోండి" అంటా.

తప్పులు దిద్దడం కూడా మెట్టుని బట్టి మారాలి. మనలో చాలామంది చేసేది, విద్యార్థి "హి గో" అంటే మనం "అవును, హి గోస్" అని సరిచేసి తిరిగి అనేయడం. రాయ్ లిస్టర్, లీలా రాంటా అని ఇద్దరు 1997లో కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంలో చదివే పిల్లల క్లాసులు చూసి రాసిన దాంట్లో, టీచర్లు దిద్దిన సందర్భాల్లో సగానికి పైగా ఇలాంటివే, పిల్లలు అందుకుని స్పందించింది మాత్రం వీటికే అన్నిటికంటే తక్కువ. వాళ్ళకి అది దిద్దుబాటులా వినపడదు, టీచర్ ఒప్పుకున్నారు అనిపిస్తుంది. కింద మెట్టు మీద నేను ఇంకా ఇదే వాడతా, వాళ్ళని ఆపకుండా సరైన రూపం చెవిన పడుతుందని. మధ్య మెట్టు వాళ్ళకి సగం వాక్యం అని ఆగుతా, "ఎస్టర్డే యు...?" అని, వాళ్ళకే రూపం తెలుసు, లాక్కోవాలి. పై మెట్టు వాళ్ళకి పాతుకుపోయిన తప్పులుంటాయి, లారీ సెలింకర్ అనే భాషావేత్త 1972లో దీనికి శిలాజంలా గట్టిపడటం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు, అలాంటివాటికి మెత్తగా చెప్తే కదలవు, వాళ్ళ మాటలే రికార్డ్ చేసి వినిపించి, ఒకటే తప్పు ఎంచుకుని నెల రోజులు దాని వెంటే పడతాం.

అన్ని మెట్ల వాళ్ళూ ఒకే గదిలో ఉంటే ఏం చేస్తారు అని చాలామంది టీచర్లు అడుగుతుంటారు. నేను ఒక బొమ్మ తెస్తా, ఒకటే. కిటికీ తెరిచి ఉన్న గది, కింద పడిన కుర్చీ, నేల మీద చెల్లాచెదురుగా కాగితాలు, మనుషులు లేరు. కొత్తవాళ్ళు ఉన్నది చెప్తారు, 'దేర్ ఈజ్ ఎ చైర్', 'ది విండో ఈజ్ ఓపెన్'. మధ్యవాళ్ళు జరిగింది చెప్తారు, 'సమ్‌వన్ హాజ్ లెఫ్ట్ ది విండో ఓపెన్'. పైవాళ్ళు ఊహిస్తారు, హడావిడిగా వెళ్ళిపోయుంటారు, 'దే మస్ట్ హావ్ లెఫ్ట్ ఇన్ ఎ హర్రీ', గాలికి అయ్యుండొచ్చు, 'ఇట్ మైట్ హావ్ బీన్ ది విండ్'. అందరూ అందరివీ వింటారు. కొత్తవాళ్ళని మస్ట్ హావ్ అనమని అడగను, కానీ అది వాళ్ళ చెవిన పడి ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత పాఠంగా వచ్చినప్పుడు ఎక్కడో విన్నట్టుంది అంటారు.

పొద్దున బ్యాచ్ ఆవిడ సంగతి చెప్పలేదు కదా. ఎనిమిది నెలల తర్వాత ఒక రోజు క్లాసుకి వస్తూనే "మేడమ్, ఐ హావ్ సీన్ యువర్ మెసేజ్ ఎస్టర్డే" అన్నారు. నేను దిద్దలేదు, ఎందుకు హావ్ పెట్టారు అని అడిగా. ఆవిడ కొంచెం ఆలోచించి, "హావ్ అంటే ఇప్పటిదాకా అన్నారు కదా మేడమ్, మెసేజ్ నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది, నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకని పెట్టా" అన్నారు. తనంతట తనే ఆ చిన్న రూల్‌ని ఇంకో క్రియకి తీసుకెళ్ళి, దానికి కారణం కూడా కట్టుకున్నారు. ఇక ఇవాళ చెప్పొచ్చు అనిపించింది.

"మీరు చెప్పింది నిజమే, మరి ఎస్టర్డే తీసేసి అనండి" అన్నా.

"ఐ హావ్ సీన్ యువర్ మెసేజ్."

"ఇప్పుడు నేను అడుగుతా, వెన్?"

ఆవిడ నోరు తెరిచి 'ఐ హావ్' అనబోయి ఆగారు. బోర్డు మీద ఎప్పటిదో గీత ఒకటి ఉంది, దానివైపు చూసి, నిన్న అన్న చోట వేలితో గాల్లో ఒక చుక్క పెట్టి, నెమ్మదిగా అన్నారు, "ఐ సా ఇట్ ఎస్టర్డే."